మంచును దున్నువారు

నేడు ముంగిటి మంచును తొలగించినవానికి కూలి యిచ్చు దేశముననే, నూటయేబది యేండ్ల క్రిందట, మంచును మోసి తెచ్చి పఱచినవానికి కూలి యిచ్చెడివారనిన వినువారికి వింతగా తోచును; కాని అమెరికా ఈశాన్యభాగమున వెర్మాంటు, న్యూ హ్యాంప్‌షైరు మొదలగు రాష్ట్రములలోని పల్లెల పాత జమాఖర్చు పుస్తకములలో ఈ పద్దు వ్రాయబడి యున్నది. ఆ సీమలలో ఏళ్లపై కట్టిన కొయ్యవంతెనలకు, వానకును మంచునకును దూలములు చివికిపోకుండుటకై, ఇంటికి వలెనే పైకప్పును ప్రక్కగోడలును కట్టెడి యాచారము కలదు. శీతకాలమున బాట యంతయు మంచుతో నిండి, దానిపై చక్రములు లేని జారుడుబండ్లు సుఖముగా సాగుచుండగా, కప్పు క్రిందనున్న వంతెన మాత్రము పొడిగా మిగిలిపోయి, బండి యడుగున నున్న ఇనుపపట్టీలు ఆ కట్టెపలకలపై ఒఱసికొని, గుఱ్ఱములు ముందునకు కదలలేక నిలిచిపోయెడివి. అందువలన ఊరివారు ఒక మనుష్యుని నియమించి, ప్రక్కనున్న మంచును పాఱతో తోడించి వంతెన నేలపై పఱపించి, ఆ పనికి రొక్కమిచ్చి, లెక్క వ్రాసికొనిరి.

ఆ చిన్న పద్దును బట్టి విచారింపగా, మంచు ఆ దేశస్థులకు ఆదినుండియు శత్రువు కాదనియు, బాటలపైకి మోటారు చక్రము వచ్చిన తరువాతనే అట్లయ్యెననియు, ఇప్పుడు వెనుక తొట్టి గల పికప్ ట్రక్కునకు ముందొక ఇనుపపలకను తగిలించుకొని, వేన్నీళ్లకు చన్నీళ్లన్నట్లు చలికాలపు రాత్రులలో కొందఱు చేసికొను ఉపవ్యాపారము ఆ మార్పునకు కన్నబిడ్డయే యనియు నాకు తోచినది. ఆ వంశక్రమమును చెప్పుటకే ఈ వ్యాసము.

మొదట రెండు మాటలనుగూర్చి కొంత చెప్పవలెను. వేకువను గడ్డిపఱకపై నిలుచు నీటిచుక్కకును, పుష్యమాసమున పొలములపై క్రమ్ము తెల్లని పొగకును, ఆకాశమునుండి దూదిపింజలవలె రాలు హిమమునకును మనకు మంచు అను నొక్కటే పేరు. మూడవదానితో మనకు నిత్యవ్యవహారము లేదు గనుక దానికి వేఱొక పేరు పెట్టవలసిన యగత్యము కలుగలేదు. ఈ వ్యాసమున మంచనగా ఆ మూడవదే. ఇక నాగలి. ఆంగ్లభాషలో మంచును త్రోయు పనిముట్టును నాగలి యనియే పిలుతురు; కాని దానికి కఱ్ఱు లేదు, మేడి లేదు, అది నేలను చీల్చదు. దమ్ము చేసిన మడిని సమము చేయుటకు మన రైతు ఎద్దులకు కట్టి తోలు పలకకు అది దగ్గఱ చుట్టము. మన పలక ఎద్దుల వెనుక పోవును, ఆ పలక బండికి ముందు నడచును, అంతే భేదము.

పందొమ్మిదవ శతాబ్దమున ఆ చలిదేశపు రైతునకు శీతకాలము రవాణా ఋతువు. వేసవిలో గోతులై, వసంతమున బురదయై, బండి యిరుసులను విఱుచు బాట, మంచు పడి గట్టిపడినంతనే నునుపై, చక్రపుబండిపై గుఱ్ఱపుజత లాగజాలని బరువును జారుడుబండిపై అవలీలగా లాగుటకు వీలు కల్పించెడిది. అడవిలో కొట్టిన దుంగలు, మిల్లునకు చేరవలసిన ధాన్యము, చెఱువులలో కోసిన మంచుగడ్డలు ఆ మూడు నాలుగు నెలలలోనే కదలెడివి. చుట్టముల యిండ్లకు పోవువారును అప్పుడే బయలుదేఱెడివారు. కనుక మంచును త్రోసివేయవలెనను తలంపు వారికి లేదు; దానిని త్రొక్కి గట్టిపఱచుటయే వారికి కావలసినది. అందులకై మనిషియెత్తు కొయ్యపీపాలను ప్రక్కప్రక్కన ఇరుసునకు గ్రుచ్చి, బరువునకు ఱాళ్లను చేర్చి, నాలుగేసి ఆఱేసి గుఱ్ఱములను కట్టి బాటవెంట దొర్లించెడివారు. గాలివాటమున మంచు దిబ్బలు పడి దారి మూసికొనిపోయినప్పుడు, ఊరి చివరి రైతు తన యెద్దులను తోలుకొని బయలుదేఱగా, దారిలోని ప్రతి వాకిటినుండియు మఱియొక జత వచ్చి కలిసి, దారి తెఱచుకొని పోయెడి కోలాహలమును జాన్ గ్రీన్‌లీఫ్ విట్టియరు 1866లో ప్రకటించిన 'స్నో-బౌండ్' అను కావ్యమున వర్ణించియున్నాడు. బాటపన్నును రొక్కముగా గాక శ్రమరూపముగా చెల్లించు పద్ధతి ఆ యూళ్లలో వాడుకలో నుండెను. కావున ఎద్దులు గలవాడు దారి తెఱచుట పరోపకారమును, పన్ను చెల్లింపును కూడ అయ్యెను. తనయొద్ద నున్న పశువును, పనిముట్టును మంచు దినములలో ఊరి యవసరమునకు మలచుకొని కొంత గిట్టుబాటు చేసికొనుట అనునది, చూడగా, ట్రక్కునకు చాల ముందటి సంగతియే.

నగరముల తీరు వేఱు. గుఱ్ఱములు లాగు ట్రాము బండ్లకు ఇనుపపట్టాలుండుటచేత, వాటిపై మంచు నిలువరాదు. 1840 దశకముననే మంచునాగళ్లకు పేటెంట్లు పుట్టినను, నగరవీథులలో గుఱ్ఱములు కట్టిన నాగలిని నడపినట్లు తెలియవచ్చు మొదటి చోటు విస్కాన్సిన్ రాష్ట్రమునందలి మిల్వాకీ, సంవత్సరము 1862. నాగలి నడువగానే తగవులును పుట్టినవి. వీథి నడుమ మంచును ప్రక్కలకు త్రోయగా అంగళ్ల ముందు గోడలవలె దిబ్బలు లేచి, బేరగాండ్రు లోపలికి రాలేకపోయిరని వర్తకులును, ఎగుడుదిగుడు బాటలో తమ బండ్లు నడువవని జారుడుబండ్లవారును మొఱపెట్టుకొనిరి. అప్పుడు నగరములవారు కూలీలను, గుఱ్ఱపుబండ్లను కుదుర్చుకొని ఆ దిబ్బలను తోడించి నదులలో పోయింపసాగిరి. మంచును ఒక చోటినుండి మఱియొక చోటికి త్రోయుట సులభమే. త్రోసినదానిని ఎక్కడ నుంచవలెనను ప్రశ్నయే కష్టము. ఆనాడు పుట్టిన ఆ ప్రశ్న నేటి ట్రక్కువానిని కూడ వదలలేదు.

1888 మార్చి నెలలో అమెరికా తూర్పుతీరమును ముంచిన మహాహిమపాతమున నాలుగు వందలకు పైగా జనులు మరణించిరి. న్యూయార్కు నగరమున స్తంభములపై నడచు రైళ్లు మధ్యమార్గమున ఆగిపోయి, వేలకొలది ప్రయాణికులు ఆకాశముననే చిక్కుకొనగా, నిచ్చెనలు గలవారు వాటిని వేసి, తలకింత రుసుము పుచ్చుకొని, ఒక్కొక్కరినే దించిరని ఆనాటి వృత్తాంతములు చెప్పుచున్నవి. రుసుము తీసికొన్నందులకు వారిని నిందించువారు కలరు. నే నట్లు నిందింపను. ఎవరును రానిచోటికి వారు నిచ్చెనతో వచ్చిరి. తంతితీగలను నేలలో పూడ్చుటకును, భూగర్భరైలును గూర్చిన యాలోచనకును ఆ తుపాను బలము చేకూర్చినది. రైలుమార్గముల మాట కొంచెములో చెప్పుదును: టొరంటో నగరపు దంతవైద్యుడు జె. డబ్ల్యూ. ఎలియట్టు 1869లో ఊహించిన తిరుగుడుచక్రపు మంచునాగలి, ఆంటారియోలో ఆరెంజి జల్ అనువానిచేత మెఱుగుపడి, 1880 దశకమున కార్యరూపము దాల్చినది.

మోటారుకారు వచ్చిన తొలి దినములలో చాలమంది యజమానులు శీతకాలము రాగానే దానిని కొట్టములో దిమ్మెలపై నెక్కించి, చక్రములకు విశ్రాంతి నిచ్చి, మరల గుఱ్ఱమునే కట్టుకొనెడివారు. ఈ పద్ధతిని మార్చినది మొదటి ప్రపంచయుద్ధము. ఐరోపాకు పంపవలసిన సామగ్రితో రైళ్లు క్రిక్కిఱిసిపోవగా, సైన్యమువారు కొత్త ట్రక్కులను వాటి చక్రములపైననే సముద్రతీరమునకు నడిపింపదలచి, 1917 డిసెంబరులో ఒహాయో రాష్ట్రపు టోలెడోనుండి మేరీల్యాండునందలి బాల్టిమోరునకు మొదటి బిడారును బయలుదేఱదీసిరి. పెన్సిల్వేనియా పర్వతములలో ఆ మార్గమును శీతకాలమంతయు తెఱచియుంచవలసి వచ్చినది. రహదారిని చలికాలమున తెఱచియుంచుట ప్రభుత్వధర్మమను భావము అక్కడినుండి వ్యాపించినది. దానితో గుఱ్ఱపు దొర్లుడుపీపాల కాలము క్రమముగా చెల్లిపోయెను. త్రొక్కి గట్టిపఱచిన మంచు జారుడుబండికి రాచబాట; రబ్బరు చక్రమునకు మృత్యుమార్గము.

యుద్ధానంతరము ఒకే దశాబ్దిలో పలుచోట్ల పలువురు ఈ పనికి పూనుకొనిరి. నార్వేలో ఓవెరాసెన్ సోదరులు 1923లో మోటారుబండికి తగిలించు నాగలిని చేసిరి. న్యూయార్కు రాష్ట్రమున క్లేటను గ్రామమందు కార్ల్ ఫ్రింకు ట్రక్కు నాగళ్లను చేయసాగెను. క్విబెక్కు సీమలో ఆర్తూర్ సికారు 1925లో మంచును పీల్చి దూరముగా చిమ్ము యంత్రమును నిర్మించి, 1927లో మాంట్రియాలు ప్రక్కనున్న ఊట్రెమాంటు పట్టణమునకు అమ్మెను. తరువాత ఉప్పు వచ్చినది. మంచు కరగుటకు రహదారులపై ఉప్పు చల్లుటను సామాన్యవిధానముగా మొదట స్వీకరించిన రాష్ట్రము న్యూ హ్యాంప్‌షైరు. 1941–42 శీతకాలమున దేశపు రహదారులన్నిటిపై చల్లిన ఉప్పు 5,000 టన్నులు కాగా, నేడది ఏటేట కోటి టన్నులకు పైబడినది. ఆ ఉప్పు బాటలను కాపాడుచున్న మాట నిజమే. బండ్ల యినుమును తినివేయుచున్నదియు, వాగులలోనికి, బావులలోనికి దిగుచున్నదియు అదే.

ఇంతవఱకు చెప్పినదంతయు రాజమార్గముల కథ. రాజమార్గమునకును ఇంటి గడపకును నడుమ నున్న నేల యెవరిది? ఆ ప్రశ్నలోనుండియే మన పికప్ ట్రక్కువాడు పుట్టినాడు.

ఫోర్డు కంపెనీవారు తమ మోడల్ టి కారునకు వెనుక చిన్న తొట్టిని అమర్చి, కార్ఖానాలోనే సిద్ధపఱచిన పికప్పును 1925లో 281 డాలర్లకు అమ్మజూపిరి. రైతునకు, వడ్రంగికి, పాలవానికి అది కుడిభుజమైనది. కాని రెండు చక్రములతోనే లాగు బండి మంచులో నిలువద్రొక్కుకొనలేదు. రెండవ ప్రపంచయుద్ధమున నాలుగు చక్రములతో లాగు జీపు యుద్ధభూముల బురదలో తన సత్తువ చూపి, 1945లో విల్లీస్ కంపెనీచేత పౌరులకు అమ్మకమునకు వచ్చినది. మఱుసటి యేట డాడ్జివారి పవర్ వ్యాగన్ వచ్చినది. యుద్ధమునుండి తిరిగివచ్చిన యువకులకు ఈ బండ్ల శక్తి స్వానుభవమున తెలిసినదే. మెయిన్ రాష్ట్రమున సముద్రతీరపు పట్టణమైన రాక్‌లండులో డీన్ ఫిషరు 1948లో ఇట్టి బండ్లకు నాగళ్లు చేయు కర్మశాలను స్థాపించెను. 1950లో మిల్వాకీ నగరమున, తొలి గుఱ్ఱపునాగలి నడచిన యా వీథులు గల నగరముననే, వెస్టర్ను అను పేరుతో మఱియొక కార్ఖానా వెలసెను. షెవ్రొలే 1957లోను, ఫోర్డు 1959లోను నాలుగు చక్రములతో లాగు పికప్పులను తమ కార్ఖానాలనుండియే పంపసాగినవి. పనిముట్టు సిద్ధమైనది.

పనియు అప్పుడే సిద్ధమైనది. సైనికులకు గృహఋణములిచ్చు 1944 నాటి చట్టముచేతను, లాంగ్ ఐలండుపై 1947లో మొదలైన లెవిట్‌టౌను వంటి కాలనీలచేతను నగరముల చుట్టును శివారులు వ్యాపించి, ఇంటింటికి కారును, కారునకు వీథినుండి ఇంటివఱకు ఒక సొంతబాటయు ఏర్పడినవి. కొట్లు నగరము నడుమనుండి కదలి, విశాలమైన పార్కింగు మైదానముల నడుమకు చేరినవి. నలువైపుల మూసి కట్టిన తొలి బజారు సౌత్‌డేల్, చలికి పేరుపడిన మిన్నెసోటా రాష్ట్రముననే 1956లో తెఱువబడెను. ఈ సొంతబాటలు, ఈ మైదానములు ప్రభుత్వపు నాగలి పరిధిలోనివి కావు. సరికదా, ప్రభుత్వపు నాగలి వీథిని శుభ్రపఱచుచు పోవునప్పుడు త్రోసిన మంచు, అప్పుడే తన వాకిటిని పాఱతో ఊడ్చుకొని నడుము పట్టుకొన్న గృహస్థుని బాటకు అడ్డముగా బరువైన గట్టు కట్టిపోవును, గోరుచుట్టుపై రోకటిపోటు. పల్చని క్రొత్తమంచు పదియంగుళములు కరగిన ఒక యంగుళము నీరగునని లెక్క. నాగలి నొక్కి విడిచిన గట్టు దానికి ఎన్నో రెట్లు దట్టమై, రాత్రికి గడ్డకట్టి రాయియగును. గుండెజబ్బు గలవారు దానిని త్రవ్వబోయి ప్రాణముమీదికి తెచ్చుకొనుచున్న వార్తలు అక్కడ ప్రతి శీతకాలమును వినవచ్చును.

ఈ పనికి దిగువారెవరు? ఎండకాలమున పచ్చికలు కోయువారు, తారుబాటలు వేయువారు, ఇండ్లకప్పులు నేయువారు, తాపీపనివారు, చిన్న కమతపు రైతులు. నేల గడ్డకట్టినంతనే వీరి వృత్తి ఆగిపోవును; ట్రక్కు మాత్రము వాకిట నిలిచియుండును, దాని వాయిదాలు నెలనెలకు వచ్చుచుండును. ఏడున్నర, ఎనిమిదడుగుల వెడల్పు గల నాగలిని కొని, బండి చట్రమునకు ఇనుపకొక్కెములు బిగించి, ముందు పడు బరువునకు సరితూగ వెనుక తొట్టిలో ఇసుకబస్తాలు వేసికొనినచో వ్యాపారము మొదలైనట్లే. పూర్వము చేతిమీటతో ఎత్తిన పలకను, తరువాత ఇంజనుపట్టాతో తిరుగు పంపును, పిమ్మట విద్యుత్తుతో తిరుగు హైడ్రాలిక్ పంపును ఎత్తసాగినవి. ఇప్పుడు డ్రైవరు కూర్చున్నచోటినుండియే దానిని ఎత్తును, దించును, కుడియెడమలకు వంచును. మంచు క్రింద దాగిన రాయియో, మ్యాన్‌హోలు మూతయో తగిలినప్పుడు బండి విఱుగకుండుటకై పలకయో, దాని యడుగు అంచో వెనుకకు వ్రాలి మరల లేచునట్లు స్ప్రింగులు పెట్టుట ఈ శిల్పమునందలి గొప్ప యుపాయము. నేల ఇంకను గట్టిపడని తొలిమంచునాడు కంకరబాటలపై పలక దిగబడకుండ దాని క్రింద ఇనుప పాదుకలు తొడుగుదురు.

చూచువారికి ఇది బండి నడపుటవలె కనబడును గాని, ఎఱిగినవాని పనితనము వేఱు. శరదృతువుననే వచ్చి, బాట కిరుప్రక్కల రంగు కఱ్ఱలు పాతి, పూలపాదులు, నీటిగొట్టములు ఎక్కడనున్నవో గుర్తు పెట్టుకొనును. మంచు పడిన తరువాత అంతయు ఒకే తెలుపు. గ్యారేజి తలుపుదాక పలకనెత్తి పోయి, అక్కడ దించి, వెనుకకు నడపి మంచును లాగి, పిమ్మట బండిని త్రిప్పి త్రోయును. డిసెంబరు దిబ్బను ఎంత దూరముగా పెట్టిన ఫిబ్రవరిలో అంత చోటు మిగులును గనుక, తొలిమంచును కడకంటఁ ద్రోయును. దిబ్బను మెరకన పెట్టిన పగటి యెండకు కరగిన నీరు పల్లమునకు పాఱి, రాత్రి అద్దమువలె గడ్డకట్టి, తెల్లవాఱి నడచువారి కాళ్లు విఱుచును గనుక పల్లపు వైపుననే పెట్టును. రహదారికి అడ్డముగా మంచును త్రోయుట పెక్కు రాష్ట్రములలో నేరము. అగ్నిమాపకుల నీటికుళాయిని పూడ్చుట అంతకన్న పాపము.

కూలి నిర్ణయమున రెండు సంప్రదాయములున్నవి. త్రోసిన ప్రతిసారి ఇంతయని తీసికొనుట యొకటి. ఋతువు మొత్తమునకు ఇంతయని ముందుగనే మాటాడుకొను గుత్త మఱియొకటి. రెండంగుళములు పడినప్పుడు బయలుదేఱవలెననునది సాధారణముగా ఒప్పందములలో కనబడు షరతు. గుత్తకు ఒప్పుకొన్నవానికి మంచు పడని యేడు లాభము, ఎడతెగక పడిన యేడు డీజిలునకు, మరమ్మతులకు చేతి డబ్బు పెట్టుకొను నష్టము. విడికూలివానికి ఇది తలక్రిందులు. మన రైతు జ్యేష్ఠమాసమున మబ్బునకై చూచినట్లు విడికూలివాడు నవంబరునుండి ఆకాశమును చూచును. అర్ధరాత్రి దాటి రెండుగంటలకు లేచి, జనులు కార్యాలయములకు బయలుదేఱులోపల ఇరువది ముప్పది వాకిండ్లు ముగించి, ఉదయమున తన అసలు ఉద్యోగమునకు పోవువారును కలరు.

ఈ పని విలువ జనులకు తెలియునది అది జరుగనినాడే. 1969 ఫిబ్రవరిలో న్యూయార్కున పదునైదంగుళముల మంచు పడి, క్వీన్సు ప్రాంతపు వీథులు దినములకొలది మూసికొనియుండగా, నలువది యిద్దఱు మరణించిరి. పరామర్శకు బయలుదేఱిన మేయరు జాన్ లిండ్సే కారు దిగబడి, నాలుగు చక్రముల ట్రక్కునెక్కవలసి వచ్చినది, అక్కడి జనులు ఆయనను ఛీకొట్టిరి. ఆ యేడు ఆయన తన పార్టీ ప్రాథమిక ఎన్నికలో ఓడి, వేఱొక పక్షపు అభ్యర్థిగా నిలిచి గెలిచెను. చికాగోలో 1979 నాటి మంచు మేయరు మైకేల్ బిలాండిక్కునకు పదవినే పోగొట్టి, జేన్ బర్నుకు కట్టబెట్టెను. న్యాయస్థానములును ఈ కథలో ప్రవేశించినవి. సహజముగా పడిన మంచుపై ఎవడైన జారిపడిన స్థలయజమాని బాధ్యుడు కాడను నియమము మసాచుసెట్సులో నూఱేండ్లకు పైబడి చెల్లుచుండగా, 2010లో ఆ రాష్ట్రపు అత్యున్నత న్యాయస్థానము దానిని త్రోసిపుచ్చి, యజమాని తగిన జాగ్రత్త తీసికొనవలసినదేయని తీర్పు చెప్పెను. యజమాని ఆ భారమును ఒప్పందముద్వారా మంచు తీయువానికి అప్పగింపజూచును. అందువలన నేడీ పనిలో దిగువానికి నాగలి కన్న ముందు బీమా కావలసివచ్చుచున్నది. ఒక ట్రక్కు, ఒక మనిషిగా నున్న వ్యాపారమునకు ఇది పెద్దబరువు. ఆ బరువు మోయలేక చిన్నవారు తప్పుకొనుచో, వాకిండ్లు పెద్దసంస్థల పాలగును. అది ఆ యూళ్లకు మేలు కాదని నా యభిప్రాయము. తన యూరి ముసలివారి యిండ్లు ఏవో, ఏ యింట డాక్టరు అత్యవసరముగా బయలుదేఱవలసియుండునో చిన్నవానికి తెలిసినట్లు దూరపు సంస్థకు తెలియదు.

డిట్రాయిటు, చికాగో, న్యూ జెర్సీ, టొరంటో శివారులలో ఇండ్లు కొనుక్కొని స్థిరపడిన మన తెలుగు కుటుంబములు ఇప్పుడు వేలకొలదిగా నున్నవి. వారిలో చాలమంది మొదటి శీతకాలమున ఉత్సాహముతో పాఱపట్టి, మఱుసటి యేట వాకిటిని గుత్తకిచ్చినవారే. వారికి నా మనవి యొకటి కలదు. వెర్మాంటు వంతెనపై మంచు పఱచిన కూలివాని సంగతి నేడు మనకు తెలిసినదనిన, ఊరి గుమాస్తా యొకడు ఆ పద్దును శ్రద్ధతో వ్రాసి యుంచుటచేతనే. తెల్లవాఱుజామున మీ వాకిట పసుపుదీపము త్రిప్పుకొనుచు వచ్చువాని చిట్టాలో ఏ యేట ఎన్ని రాత్రులు లేచెనో, ఎన్ని వాకిండ్లు తీసెనో, ఎంత కూలి ముట్టెనో అంతయు ఉండును. వసంతము రాగానే ఆ చిట్టా చెత్తబుట్ట పాలగును. మంచు లేనినాడు ఆయనను పిలిచి, కాఫీ యిచ్చి కూర్చుండబెట్టి, ఈ పనికి ఎప్పుడు దిగెనో, మొదటి నాగలిని ఎవరియొద్ద కొనెనో, తన తండ్రి శీతకాలమున ఏ పని చేసెడివాడో అడుగుడు. చెప్పినది చెప్పినట్లు వ్రాసి, తేదీ వేసి, ఆ యూరి గ్రంథాలయమున ఒక ప్రతి నుంచుడు.